సీట్లు పెంచే ముందు లెక్చరర్లను లెక్కపెట్టండి

"మేడమ్, మా డీన్ పిలిచి డిపార్ట్‌మెంట్‌కి ఐదేళ్ల ప్లాన్ రాసివ్వమన్నాడు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?"

ఇథియోపియా వైపు పనిచేస్తున్న మన లెక్చరర్ల నుంచి ఇలాంటి ఫోన్లు నాకు చాలాకాలంగా వస్తున్నాయి. ఈ మధ్య మన జిల్లాల ప్రిన్సిపాళ్లు కూడా అడుగుతున్నారు. ప్రతి కాలేజీ ఒక అభివృద్ధి ప్రణాళిక, అందరూ అంటున్న ఐడీపీ, రాసుకోవాలని యూజీసీ చెప్పింది కదా. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నేను ఉత్తరాంధ్రలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. 2000ల చివర్లో ఇథియోపియా వెళ్లి కొన్నేళ్లు ఒక కొత్త యూనివర్సిటీలో పనిచేశాను. ఆ రోజుల్లో ఏ కొత్త క్యాంపస్‌లో అడుగుపెట్టినా స్టాఫ్ రూమ్‌లో ఏదో మూల తెలుగు వినపడేది. మనవాళ్లు అంతమంది ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో అర్థమైతే ఈ ప్లాన్ సంగతి సగం అర్థమైనట్టే.

1990ల మొదట్లో ఆ దేశంలో చెప్పుకోదగ్గ యూనివర్సిటీలు రెండే. ఒకటి అడిస్ అబాబాది, రెండోది అలెమాయాలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇప్పటి హరమాయ. 2000 ప్రాంతంలో జిమ్మా, మెకెల్లె, బహిర్ దార్ వంటివి వచ్చాయి. తర్వాత ఒక్క విడతలోనే 13 కొత్త క్యాంపస్‌లు కట్టడం మొదలుపెట్టారు. 2010ల చివరికి ప్రభుత్వ యూనివర్సిటీలు 40 దాటాయి. కాలేజీ వయసు పిల్లల్లో నూటికి ఒకరు చదివే చోట పదిమంది చదివే స్థితి వచ్చింది. ఇరవై ఏళ్లలో ఇంత మార్పు చిన్న విషయం కాదు. ఆ ప్రభుత్వం పట్టుదలను నేను కళ్లారా చూశాను, ఇప్పటికీ గౌరవిస్తాను. కానీ భవనం రెండేళ్లలో లేస్తుంది. అందులో పాఠం చెప్పే మనిషి తయారవడానికి తొమ్మిదేళ్లు పడుతుంది. బీఎస్సీ మూడు, ఎంఎస్సీ రెండు, పీహెచ్‌డీ తక్కువలో తక్కువ నాలుగు. ఆ తేడాను పూడ్చడానికే మనల్ని డాలర్లలో జీతం ఇచ్చి పిలిచారు.

అందుకే నేను చెప్పే పద్ధతిలో సీట్ల సంఖ్య చివర వస్తుంది. ఎవరు చెబుతారు, వాళ్లు ఎప్పటికి తయారవుతారు అన్నది ముందు రాయాలి.

మొదట బడికి వెళ్లండి

అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. మీకు పిల్లలు ఎక్కడి నుంచి వస్తున్నారో ఆ బడులకు వెళ్లి చూడండి. ప్లాన్ రాసే కమిటీలు మంత్రిత్వ శాఖ పంపిన అంకె తీసుకుని "వచ్చే ఏడాది ఇంతమంది వస్తారు" అని రాసేస్తాయి. ఎంతమంది వస్తారన్న దానికంటే ఏం నేర్చుకుని వస్తున్నారన్నదే మీకు ముఖ్యం.

ఒరోమియా ప్రాంతంలో ఎనిమిదో తరగతి దాకా పిల్లలు తమ భాష అఫాన్ ఒరోమోలో చదువుతారు, తొమ్మిది నుంచి అంతా ఇంగ్లిష్. నా క్లాసులో పిల్లలకు లెక్క వచ్చు, ప్రశ్న అర్థమయ్యేది కాదు. మోలారిటీ, అంటే ద్రావణం గాఢత, లెక్కను బోర్డు మీద అంకెలతో ఇస్తే టకటకా చేసేవాళ్లు. అదే లెక్కను నాలుగు వాక్యాల్లో ఇస్తే పెన్ను కదిలేది కాదు. మన దగ్గర 2021-22లో ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం చేశాక నా పాత సహోద్యోగులు చెప్పింది కూడా అచ్చం ఇదే. కాబట్టి మొదటి సెమిస్టర్‌లో భాషకు, లెక్కలకు గంటలు కేటాయించాలి. ఆ గంటలకు టీచర్లు కావాలి, అదీ వర్క్‌లోడ్‌లో, అంటే టీచర్లు చెప్పాల్సిన గంటల లెక్కలో, కలపాలి.

దీన్ని వదిలేస్తే ఏమవుతుందో ఇథియోపియానే తర్వాత చూసింది. 2022లో పన్నెండో తరగతి పరీక్షను తొలిసారి యూనివర్సిటీ క్యాంపస్‌లలో గట్టి నిఘాతో పెట్టారు. సుమారు 9 లక్షల మంది రాస్తే సగం మార్కులు దాటినవాళ్లు 3.3 శాతం. మరుసటి ఏడు కూడా దాదాపు అంతే. లక్షల్లో పిల్లలను తీసుకునేలా కట్టిన యూనివర్సిటీలకు అర్హులైన పిల్లలు ముప్పై వేల లోపే దొరికారు. మిగతా సీట్ల కోసం రెమీడియల్ కోర్సులు పెట్టి కొంతమందిని మళ్లీ తయారుచేసుకోవాల్సి వచ్చింది. ఆ రెమీడియల్ ఏడాదిని ప్లాన్‌లో ముందే ఒక భాగంగా రాసుకుని ఉంటే, దానికి వేరే టీచర్లు, వేరే పుస్తకాలు సిద్ధంగా ఉండేవి. మీరు చేయగలిగింది చిన్నదే. మీకు పిల్లలను పంపే పది బడుల పేర్లు రాసుకోండి. రెండు మూడింటికి స్వయంగా వెళ్లండి. సైన్స్ టీచర్ ఉన్నారా, ల్యాబ్ తాళం తీస్తున్నారా, పిల్లలు చేతితో ప్రయోగం చేశారా అని అడగండి. ఆ మూడు జవాబులు మీ ప్లాన్ మొదటి పేజీలో ఉండాలి.

వర్క్‌లోడ్ లెక్క

ఇప్పుడు అసలు పని. ఒక ఉదాహరణ చేసి చూపిస్తాను, మీ డిపార్ట్‌మెంట్ అంకెలు పెట్టుకుని మళ్లీ చేసుకోండి.

మూడేళ్ల బీఎస్సీ కెమిస్ట్రీ. ఏటా 120 మంది, 60 చొప్పున రెండు సెక్షన్లు. ఒక సెక్షన్‌కి సెమిస్టర్‌లో నాలుగు థియరీ కోర్సులు, వారానికి మూడేసి గంటలు. అంటే 12 గంటలు. రెండు ప్రాక్టికల్ కోర్సులు, ఒక్కోటి మూడు గంటలు. ల్యాబ్‌లో 60 మందిని ఒకేసారి నిలబెట్టలేం, 20 మందికి ఒక బ్యాచ్ చేయాలి. అంటే మూడు బ్యాచ్‌లు, రెండు కోర్సులు, మూడేసి గంటలు, మొత్తం 18 గంటలు. నేను పనిచేసిన చోట ల్యాబ్ గంటను మూడింట రెండు వంతులుగా లెక్కేసేవాళ్లు. కాబట్టి 18 గంటలు 12 అవుతాయి. ఒక సెక్షన్‌కి మొత్తం 24. మూడేళ్లూ కలిపి ఆరు సెక్షన్లు, 144 గంటలు. ఒక్కో టీచర్‌కి వారానికి 12 గంటల లోడ్ అనుకుంటే 12 మంది కావాలి.

చాలా ప్లాన్లు ఇక్కడితో ఆగిపోతాయి. మీరు ఆగకండి. ఈ 12 మంది ప్రతిరోజూ క్లాసులో నిలబడగలిగినవాళ్లు అయ్యుండాలి. కొత్త యూనివర్సిటీలో కనీసం ఐదో వంతు స్టాఫ్ ఎప్పుడూ పై చదువుకు బయట ఉంటారు, ఉండాలి కూడా. అందువల్ల రిజిస్టర్‌లో 15 పేర్లు ఉంటేనే క్లాసులో 12 మంది దొరుకుతారు. ఇంకా బయాలజీ వాళ్లకు, ఫార్మసీ వాళ్లకు, ఇంజినీరింగ్ మొదటి సంవత్సరానికి చెప్పే కెమిస్ట్రీ ఉంది. అది వేరే డిపార్ట్‌మెంట్ల ప్లాన్‌లో "కెమిస్ట్రీ వాళ్లు చూసుకుంటారు" అన్న ఒక్క ముక్కగా ఉంటుంది. మీ ప్లాన్‌లో ఉండదు. టైమ్‌టేబుల్ వేసేరోజు బయటపడుతుంది. అందుకే ఆ డిపార్ట్‌మెంట్ హెడ్‌ల దగ్గరికి కాగితం పట్టుకుని వెళ్లి, మీకు మా నుంచి ఎన్ని గంటలు కావాలి అని రాతపూర్వకంగా తీసుకోండి. దానికి కూడా ఇదే లెక్క వేసి కలపండి.

ఈ షీట్ చేతిలో ఉంటే సీట్లు పెంచమని పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు మాట్లాడటానికి ఆధారం ఉంటుంది. "కష్టం సార్" అంటే ఎవరూ వినరు. "ఇంకో సెక్షన్ చేరిస్తే మూడేళ్లలో మరో ఆరుగురు కావాలి, ఇప్పుడు ఇంతమందే ఉన్నారు, మిగతావాళ్లు ఫలానా ఏడాదికి ఎంఎస్సీ పూర్తిచేసి వస్తారు" అంటే వింటారు. నేను చూసినంతలో అధికారులు చెడ్డవాళ్లు కారు. వాళ్ల ముందున్న పట్టికలో సీట్ల గడి ఉంటుంది, లెక్చరర్ల గడి ఉండదు, అంతే. ఆ గడి మీరు చేర్చండి.

తయారయ్యేదాకా ఎవరు చెబుతారు

ప్రతి డిపార్ట్‌మెంట్‌లో టాప్ మార్కులు వచ్చిన పిల్లలను డిగ్రీ అయిన వెంటనే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా తీసుకునే పద్ధతి ఇథియోపియాలో ఉంది. నిన్న బెంచీలో కూర్చున్న కుర్రాడు ఈరోజు ల్యాబ్ నడుపుతాడు. దీన్ని తప్పుపట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను పట్టను. సరిగ్గా నడిపితే దేశానికి కావలసిన లెక్చరర్లు వచ్చే దారి ఇదే.

నాకు అప్పగించిన ఒక అసిస్టెంట్ చాలా తెలివైనవాడు, సమీకరణాలన్నీ నోటికి వచ్చు. మర్నాడు టైట్రేషన్ ల్యాబ్ తనదే, ఒక ద్రావణంతో ఇంకోదాని గాఢత కొలిచే ప్రయోగం. ముందు రోజు సాయంత్రం వచ్చి, తలుపు దగ్గరకు వేసి, బ్యూరెట్, అదే ద్రవాన్ని కొలిచి చుక్కచుక్కగా వదిలే గాజు గొట్టం, ఎలా పట్టుకోవాలో చూపించమని మెల్లగా అడిగాడు. తను చదివిన బడిలో బ్యూరెట్ లేదు, డిగ్రీలో ఒక బ్యూరెట్‌కి ఎనిమిదిమంది. ఎడమ చేత్తో కాక్ తిప్పుతూ కుడి చేత్తో ఫ్లాస్క్ ఊపడం దగ్గర్నుంచి మొదలుపెట్టాం. రంగు మారి చూపించే ఫినాల్ఫ్తలీన్ వేసి క్షారం చుక్కచుక్కగా వదులుతుంటే మొదటి రెండు సార్లు ముదురు గులాబీ రంగు వచ్చేసింది, ఎక్కువైపోయింది. తర్వాత చివరి చుక్కను సగం చుక్కగా తీసి ఫ్లాస్క్ గోడకు తాకించడం నేర్చుకున్నాడు. రంగు లేతగా వచ్చి నిలబడింది. వరసగా మూడు రీడింగ్‌లు కలిసేదాకా ఇంటికి వెళ్లనన్నాడు. కరెంటు పోతే టార్చి పట్టుకుని చేశాం. మర్నాడు క్లాసులో అతనే చూపించాడు. కొన్నేళ్లకు పీహెచ్‌డీకి విశాఖ వచ్చాడు. ఆంధ్రా యూనివర్సిటీ హాస్టళ్లలో ఇథియోపియా విద్యార్థులు అలా చాలామంది ఉండేవాళ్లు. ఇప్పుడు అతనక్కడ సొంతంగా పిల్లలకు గైడ్‌గా ఉన్నాడు.

నేర్చుకునేది ఏమిటంటే, ఇలాంటి సాయంత్రాలు అదృష్టం మీద ఆధారపడకూడదు, ప్లాన్‌లో రాసి ఉండాలి. ప్రతి అసిస్టెంట్‌కి ఒక సీనియర్‌ను పేరుతో సహా రాయండి. మొదటి ఏడాది అసిస్టెంట్ లోడ్ సగానికి తగ్గించండి, సీనియర్ లోడ్‌లో రెండు గంటలు దీనికి తీసేయండి. ఏ ఏడాది ఎవరు ఎంఎస్సీకి వెళ్తారు, ఎక్కడికి, ఎప్పుడు తిరిగొస్తారు అన్నది ఒక పట్టికగా పెట్టండి. ఒకే ఏడాది అందరినీ పంపితే డిపార్ట్‌మెంట్ ఖాళీ, ఎవరినీ పంపకపోతే పదేళ్ల తర్వాత కూడా అదే పరిస్థితి. అక్కడ టీచర్లందరికీ బోధన మీద ఏడాది పాటు జరిగే హయ్యర్ డిప్లొమా అనే శిక్షణ ఉండేది. నాకు చాలా నచ్చింది. మన డిగ్రీ కాలేజీల్లో కొత్తగా చేరిన లెక్చరర్‌కి అంత ఓపికగా పాఠం చెప్పడం నేర్పే ఏర్పాటు నేను చూడలేదు.

బయటి దేశం నుంచి వచ్చే లెక్చరర్‌ది తాత్కాలిక పాత్ర అని కూడా స్పష్టంగా రాయాలి. కాంట్రాక్ట్‌లో గంటల సంఖ్యతోపాటు, వెళ్లేలోగా ఏ కోర్సును ఏ స్థానిక లెక్చరర్‌కి అప్పగించాలన్నది ఉండాలి. మనవాళ్లు ఈ మాట వింటే ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్ పడతారు. నేర్పే మనిషిని ఏ డిపార్ట్‌మెంటూ తొందరపడి వదులుకోదు.

నిష్పత్తులు పైనుంచి వచ్చినప్పుడు

2008లో ఇథియోపియా ప్రభుత్వం ఒక విధానం ప్రకటించింది. యూనివర్సిటీల్లో చేరేవాళ్లలో 70 శాతం సైన్స్, టెక్నాలజీ వైపు, 30 శాతం సామాజిక శాస్త్రాల వైపు. ఉద్దేశం అర్థమవుతుంది. పరిశ్రమలు రావాలి, ఇంజినీర్లు కావాలి. కానీ సైన్స్ సీటు, చరిత్ర సీటు ఒకే ఖర్చుతో రావు. చరిత్ర క్లాసుకి లైబ్రరీ, మంచి మాస్టారు ఉంటే నడుస్తుంది. కెమిస్ట్రీకి నీళ్లు, గ్యాసు, డ్రైనేజి, పొగ బయటికి పంపే హుడ్, ల్యాబ్ టెక్నీషియన్ కావాలి. నిష్పత్తి వచ్చిన రోజే ఈ ఖర్చు కూడా రావాలి.

మన రాష్ట్రంలో నిష్పత్తి పెట్టలేదు గానీ పని అలాగే జరిగింది. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్ కాలేజీలు 700 దాటాయి. పేద ఇంటి పిల్లలు ఇంజినీర్లు అయ్యారు, నా చెల్లెలి పిల్లలతో సహా. ఆ పథకం విలువ నాకు తెలుసు. అయితే అంతమందికి చెప్పే ఎంటెక్ లెక్చరర్లు అప్పటికి లేరు. నిన్న పాసైన బీటెక్ కుర్రాడే ఈరోజు క్లాసు తీసుకున్న కాలేజీలు ఎన్నో. అక్కడి గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ కనీసం యూనివర్సిటీ టాపర్, పై చదువుకు పంపుతారన్న హామీ ఉన్నవాడు. ఇక్కడ ఆ రెండూ లేవు. తర్వాత సీట్లు మిగిలిపోయి కాలేజీలు మూతపడ్డాయి.

నిష్పత్తి మీ చేతిలో ఉండదు. మీరు చేయగలిగిందల్లా, మీ వాటాకు వచ్చిన సీట్లను ఏ క్రమంలో తీసుకుంటారో రాసివ్వడం. మొదటి ఏడు ఒక సెక్షన్, ల్యాబ్‌కి నీళ్లు వచ్చాక రెండోది. నీళ్ల సంగతి ఊరికే అనడం లేదు. కొత్త భవనాల్లో పైపులు, సింకులు మెరుస్తుంటాయి, ట్యాంకులోకి నీళ్లు ఎక్కవు. ఆరు నెలలు బకెట్లతో ప్రాక్టికల్స్ నడిపిన చోట్లు నాకు తెలుసు.

డబ్బు ఏ నెలలో వస్తుంది

ఎంత వస్తుంది అని అందరూ రాస్తారు. ఏ నెలలో వస్తుందో రాయండి. ఇథియోపియా బడ్జెట్ ఏడాది జులై 8న మొదలై మరుసటి జులై 7న ముగుస్తుంది. క్లాసులు సెప్టెంబర్, అక్టోబర్‌లలో మొదలు. జులైలో డబ్బు విడుదలై, టెండర్ పిలిచి, అడిస్‌లో దిగుమతిదారుకు విదేశీ మారకం దొరికి, సరుకు జిబూటీ రేవులో దిగి లారీలో వచ్చేసరికి రెండో సెమిస్టర్ దాటుతుంది. ఆ దేశానికి సొంత రేవు లేదు. కాబట్టి ఈ ఏడాది ఇండెంట్ (కావాల్సిన సరుకుల జాబితా) పెట్టేది వచ్చే ఏడాది ప్రయోగాలకని అనుకుని రాయాలి. ఈ ఏడాదికి సున్నపురాయి, వెనిగర్, నిమ్మరసం, వాషింగ్ సోడాతో చేయగలిగే ప్రయోగాలు ముందు పెట్టుకోవాలి. మంచి కెమిస్ట్రీ వాటితోనూ నేర్పొచ్చు.

ఫీజుల విషయంలో అక్కడ 2003 నుంచి ఒక పద్ధతి ఉంది. పిల్లవాడు చేరేటప్పుడు ఏమీ కట్టనక్కర్లేదు. తిండి, వసతి ఖర్చు, ట్యూషన్ ఖర్చులో 15 శాతం అతని పేరున రాసుకుంటారు. ఉద్యోగం వచ్చాక జీతంలోంచి కనీసం పది శాతం చొప్పున తీసుకుంటారు. ప్రభుత్వ ఉద్యోగి దగ్గర ఇది తేలిగ్గా వసూలవుతుంది. చిన్న దుకాణం పెట్టుకున్నవాడి దగ్గర, దేశం దాటి వెళ్లినవాడి దగ్గర కష్టం. మన దగ్గర ప్రభుత్వమే కాలేజీకి కడుతుంది, బకాయి పడితే కాలేజీ పిల్లల సర్టిఫికెట్లు ఆపుతుంది. ఏ పద్ధతి అయినా ప్లాన్‌లో ఒక వాక్యం ఉండి తీరాలి: రావాల్సిన డబ్బు ఆరు నెలలు ఆలస్యమైతే జీతాలు ఎక్కడి నుంచి ఇస్తారు? ఆ జవాబు లేకపోతే ఆ భారం పడేది గెస్ట్ లెక్చరర్ మీద, సర్టిఫికెట్ కోసం తిరిగే పిల్ల మీద.

నాణ్యత ఎలా తెలుస్తుంది

కాలేజీల నాణ్యతను అంచనా వేసి గ్రేడు ఇచ్చే మన నాక్ 1994లో వచ్చింది. ఇథియోపియాలో నాణ్యతను చూసే సంస్థను 2003 చట్టంతో పెట్టారు. 2023 నుంచి డిగ్రీ పూర్తిచేసే ప్రతి విద్యార్థీ జాతీయ ఎగ్జిట్ పరీక్ష రాయాలి. మొదటిసారి సగం మంది కూడా పాసవలేదు. పరీక్ష పెట్టడం మంచిదే. కానీ అది డిగ్రీ చివర్లో తెలిసే సంగతి, అప్పటికి ఆ పిల్లల చదువు అయిపోయింది. డిపార్ట్‌మెంట్ స్థాయిలో మీకు ముందే తెలియాలి. మొదటి ఏడాది చివర బ్యూరెట్, త్రాసు ఇచ్చి ఒక్కొక్కరినీ విడిగా చేయమని చూడండి. గత మూడు బ్యాచ్‌ల ఫోన్ నంబర్లు తీసుకుని ఏటా ఒకసారి అడగండి: ఏం చేస్తున్నారు, ఇక్కడ నేర్చుకున్నదేది వాడుతున్నారు, ఏది నేర్పి ఉంటే బాగుండేది. పెద్ద సర్వే అక్కర్లేదు, ఇద్దరు అసిస్టెంట్లకు రెండు వారాల పని.

అన్ని యూనివర్సిటీలూ అన్ని పనులూ చేయలేవని గుర్తించి ఇప్పుడు అక్కడ వాటిని పరిశోధనవి, అప్లైడ్ సైన్స్‌వి, అన్నీ కలిసినవి అని విడదీశారు. అడిస్ అబాబా యూనివర్సిటీకి 2023లో స్వయంప్రతిపత్తి ఇచ్చారు. ఇవన్నీ మంచి అడుగులే. మీ ప్లాన్‌కి సంబంధించి తేల్చుకోవాల్సింది ఒక్కటే: మీది డిగ్రీ బాగా చెప్పే డిపార్ట్‌మెంటా, పీహెచ్‌డీలు ఇచ్చే డిపార్ట్‌మెంటా. చిన్న ఊళ్లో ఉంటే మొదటిది ఎంచుకోండి. పక్క బడులకు సైన్స్ టీచర్లు మీ దగ్గర్నుంచే వెళ్తారు, ఆ పిల్లలే మళ్లీ మీ దగ్గరికి వస్తారు.

చివరి పని. ప్లాన్ పన్నెండు పేజీలు దాటనివ్వకండి. విజన్, మిషన్ అర పేజీలో ముగించండి. వర్క్‌లోడ్ షీట్, ఎవరు ఎప్పుడు చదువుకు వెళ్లి ఎప్పుడు వస్తారన్న పట్టిక, నెలవారీ డబ్బు లెక్క, ఈ మూడూ తప్పకుండా ఉండాలి. ఎక్సెల్ ఫైల్ ఒకటి డిపార్ట్‌మెంట్ హెడ్ దగ్గర, ఒకటి మీరు తయారుచేస్తున్న అసిస్టెంట్ దగ్గర ఉంచండి, ప్రింట్ తీసి ఫైల్లో పెట్టండి. హెడ్‌లు ఏటా మారుతుంటారు, లాప్‌టాప్‌తోపాటు ప్లాన్ కూడా వెళ్లిపోతుంది. టైమ్‌టేబుల్ వేసే వారానికి నెల ముందు ఆ షీట్ తెరిచి, వెళ్లినవాళ్ల పేర్లు తీసి, వచ్చినవాళ్ల పేర్లు చేర్చి, గంటలు మళ్లీ కూడండి. సీట్ల గడి ఆరోజు నింపండి.